హీటరు వెచ్చగానే ఉందండీ

దర్శి దాటాక పొదిలి వెళ్లే రోడ్డు మీద, మార్చి ఎండలో, కారులో హీటరు వేయమన్నాను నేను. స్టీరింగు పట్టుకున్న కరుణ నా వైపు ఒక చూపు చూసింది. బడిలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. తప్పు లెక్క చేసినవాణ్ణి ఎలా చూడాలో ఆమెకు బాగా తెలుసు.

"ఏసీ ఆగిపోయిందిరా దేవుడా అని నేనంటుంటే హీటరేంటి బాబాయ్? ఎండదెబ్బ కారుకు కొట్టిందా, మీకు కొట్టిందా?"

"ముందు వెయ్యి తల్లీ. ముల్లు ఎక్కడుందో చూశావా?"

అప్పుడు చూసింది. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకబోతోంది. వెంటనే మీట తిప్పింది. ఫ్యాను హోరుమంది. నేను అరచెయ్యి చాచి, గాలి వచ్చే కంతలకు బెత్తెడు దూరంలో పెట్టాను. మన ప్రాంతంలో కారుకు హీటరు ఉంటుందని కూడా చాలామంది ఎరగరు. ఎవరికి కావాలి, ఆ పని సూర్యుడే చేస్తుంటే? కానీ ఇంజను చుట్టూ తిరిగే నీళ్లే ఓ పాయగా చీలి, మన కాళ్ల ముందుండే చిన్న పెట్టెలోంచి వెళ్లి వస్తాయి. హీటరు గాలి వెచ్చబడేది ఆ నీళ్ల వల్లే. అంచేత ఇంజను కాగిపోతున్నప్పుడు హీటరు వేస్తే మొహం మాడాలి. మాడితే మంచిది, ఇంజను వేడిని మనం కాస్త పంచుకున్నట్టు. అలా కాక చల్లటి గాలి వచ్చిందంటే లోపల నీళ్లు లేవని, లేదా ఉన్నా కదలడం లేదని అర్థం. ఎక్కడో గాలి చేరి దారికి అడ్డం కూర్చుందని అర్థం. బయట నలభై డిగ్రీల ఎండ, ముందు ఇంజను ఉడుకు, నా అరచేతికి మాత్రం చల్లగా, బావిలోంచి వచ్చినట్టు గాలి. ఆ చల్లదనాన్ని నా చెయ్యి ఇంతకుముందు ఒక్కసారే ఎరుగును. యాభై ఏళ్లు దాటింది.

"ఆపు. పక్కకు తీసి ఇంజను కట్టెయ్యి. మూత జోలికి మాత్రం పోకు."

ఆపింది. రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, నేలకు తోలు ఒలిచినట్టు. మనిషి అలికిడి లేదు. "నిన్నా మొన్నా బండికి ఏమన్నా చేయించావా?" అని అడిగాను.

"కింద గొట్టం చీలితే నిన్న మార్పించాను. కుర్రాడు పది నిమిషాల్లో బిగించేశాడు. మహా చురుకు."

"చురుకే," అన్నాను. ఆ వయసులో నేనూ అంత చురుకైనవాణ్ణే.

కరుణ గుడ్డ పట్టుకుని బానెట్ ఎత్తింది. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు గీత దాకా ఉన్నాయి. "నిండుగానే ఉన్నాయిగా బాబాయ్! ఉత్తపుణ్యానికి కంగారు పెట్టారు," అంటూ రేడియేటర్ మూత మీదికి చెయ్యి పోనిచ్చింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. డెబ్బై ఆరేళ్ల వాడి పట్టులో ఎంత బలముంటుందో నాకే తెలియదు. "అబ్బా, నొప్పి!" అనేదాకా వదల్లేదు. వదిలాక చూస్తే నా నాలుగు వేళ్లూ ఆమె చేతి మీద అచ్చుపడి ఉన్నాయి. డబ్బాలో నీళ్లు నిండుగా ఉన్నా లోపల గొంతు ఎండిపోయి ఉండొచ్చని, అది చూసి మోసపోకూడదని చెప్పాను. ఆమె చెయ్యి రుద్దుకుంటూ కల్వర్టు గోడ మీద కూర్చుంది.

"సరే, చల్లారేదాకా ఆగుదాం. ఈలోపు అక్కడ ఏం చెబుతారో నాకోసారి చెప్పండి."

అక్కడ అంటే పొదిలి అవతల వాళ్ల ఊళ్లో. కరుణ తండ్రి దేవసహాయం మేస్త్రీ పోయి నెలయింది. ఆ రోజు ఆయన జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక నేను లేచి సాక్ష్యం చెప్పాలి. వాళ్లలో అది ఆచారం. పోయినవాడు తనకేం చేశాడో, తను కళ్లారా ఏం చూశాడో, నలుగురి ముందు లేచి చెప్పడం. నేను చెప్పవలసిందేమిటో మాత్రం అందరూ ఎప్పుడో నిశ్చయించేశారు. నిప్పులు చెరిగే ఎండలో, ఆవిరి కొట్టి ఒళ్లు కాలిన మేస్త్రీని భుజాన వేసుకుని నాలుగు మైళ్లు మోసుకెళ్లి ఆస్పత్రిలో పడేసిన పూజారి గారబ్బాయి కథ. మా ఇంట్లో చెప్పేటప్పుడు ఆ నాలుగు మైళ్లు ఏడయ్యేవి. మనవళ్లకు చెప్పినప్పుడు మధ్యలో ఒక తాచుపాము కూడా అడ్డం వచ్చేది.

పాము లేదు. అది ముందు ఒప్పుకుంటాను. మిగతావి మెల్లగా.

మేస్త్రీ బళ్లు బాగుచేసే షెడ్డు మార్టూరు రోడ్డు పక్కన తాటాకు పాక. ఇప్పుడక్కడ రాయి కోసే మిల్లులు, పాలిష్ చేసే షెడ్లు, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి దుమ్ము. అప్పుడు దుమ్ము ఎర్రది. ఏడాదిలో నాలుగు నెలలు పత్తి గింజ వాసన, నాలుగు నెలలు మిరప ఘాటు, మిగతా నెలల్లో ఉత్త డీజిలు. అర్చకుల ఇంట పుట్టి ఆ పాకలో నేనెలా పడ్డానంటే, మంత్రం తప్పు చదివినప్పుడల్లా మా నాన్న తొడపాశం పెట్టేవాడు. మేస్త్రీ మాత్రం నట్టు తప్పు బిగిస్తే విప్పి మళ్లీ బిగించమనేవాడు, అంతే. నన్ను "పంతులూ" అని పిలిచేవాడు. పొద్దున్నే పనిముట్లు ముట్టుకునే ముందు కళ్లు మూసుకుని ఒక్క వాక్యం ప్రార్థన చేసేవాడు. తర్వాత కుడి అరచెయ్యి సబ్బుతో కడిగి, చొక్కాకు కాదు, ఉతికిన తువ్వాలుకు తుడుచుకునేవాడు. "చేతికి మడ్డి ఉంటే వేడి తెలవదురా," అనేవాడు. బండి ఏదొచ్చినా ఆ చెయ్యి ముందు వెళ్లేది. ఇంజను మీద, గొట్టాల మీద, చక్రం మధ్యలో. వైద్యుడు నాడి చూసినట్టు తల కొంచెం పక్కకు వాల్చి, ఎవరూ మాట్లాడకూడదన్నట్టు ఎడమచెయ్యి ఎత్తి పట్టుకునేవాడు.

మధ్యాహ్నం ఆయన భార్య మరియమ్మ గారు జొన్న సంకటి, వాడరేవు నుంచి వచ్చిన ఎండుచేపల పులుసు తెచ్చేది. నా పెరుగన్నం కేరియర్ బల్ల కింద ఉండేది. అప్పటికి ఎనిమిదేళ్లున్న కరుణకు పెరుగన్నమంటే ప్రాణం. ఇక చెప్పేదేముంది, మా మధ్య ఒప్పందం కుదిరింది. సాయంత్రం ఇంటికి పోయే ముందు కిరసనాయిలుతో మోచేతుల దాకా రుద్దుకునేవాణ్ణి. ఆ వాసన ముందు చేపల వాసన ఏ మూలకు? "వెధవ పనులు, వెధవ కంపు," అని నాన్న ముక్కు మూసుకుని స్నానానికి తరిమేవాడు. పోయేదాకా ఆయనకు ఆ పులుసు సంగతి తెలియదు. ఇక్కడ గొప్పలేమీ కలపలేదు. పులుసు నిజంగా అంత బాగుండేది.

షెడ్డులో ఒక నియమం ఉండేది. నీళ్ల గొట్టం విప్పి బిగించిన ఏ బండయినా సరే, హీటరున్నదైతే, దాన్ని పూర్తిగా తిప్పి పెట్టి, రేడియేటర్ మూత తెరిచి, ఇంజను నడపాలి. గొట్టాలు మెత్తగా పిసుకుతుంటే లోపల చిక్కుకున్న గాలి బుడబుడమంటూ పైకి వస్తుంది, నీటి మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. ముప్పావుగంట పట్టేది. చివర ఒకడు లోపల కూర్చుని హీటరు ముందు అరచెయ్యి పెట్టాలి. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా తగలాలి. మేస్త్రీ బయటినుంచి అడిగేవాడు, "వెచ్చగా ఉందా?" అని. "వెచ్చగానే ఉందండీ" అన్న మాట వినబడితే తప్ప బానెట్ మూసేవాడు కాదు.

ఆ రోజుల్లో హీటరున్న బళ్లు మా చుట్టుపక్కల అయిదారుకు మించి ఉండేవి కావు. వాటిలో ఒకటి ఊటీ వైపునుంచి పాతది కొనుక్కొచ్చిన ఒక మిరప వ్యాపారిది. ఆయన ఊరూరా తిరిగి సరుకు చూసి, మచ్చుకు తీసుకున్న కాయల సంచులు ముందు సీటు కింద పడేసేవాడు. ఏళ్ల తరబడి ఆ ధూళంతా ఎక్కడికి చేరిందో ఊహించండి. హీటరు గాలి వచ్చే గొట్టాల్లోకి. ఎవరూ వాడని ఆ గొట్టాల్లో కారప్పొడి పొరలుగా పేరుకుని, తిప్పేవాడి కోసం కాచుకుని ఉంది. చలి దేశంలో తయారైన హీటరులో కారం నిండడం మా నేల మీదే జరుగుతుంది.

ఆ బండికి నీళ్ల గొట్టం మార్చింది నేనే. మూత తెరిచి ఓ పది నిమిషాలు నడిపాను. తర్వాత లోపల కూర్చుని మీట తిప్పాను. ఒక్క విసురుకు కళ్లు పోయాయనుకున్నాను. ముక్కు, గొంతు, కనురెప్పల లోపల, ఎక్కడ చూసినా నిప్పే. చెయ్యి మాత్రం ముందుకు చాచే ఉంది. రెండు క్షణాలు. తర్వాత మీట కట్టేసి, తలుపు తెరిచి, వంగి దగ్గుతున్నాను.

"ఏరా పంతులూ, వెచ్చగా ఉందా?"

"వెచ్చగానే ఉందండీ!"

ఆయన బానెట్ మూశాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. చాలా ఏళ్లు నాకు నేను ఒక వాదన చెప్పుకున్నాను. మొహమంతా మండుతుంటే గాలి వేడిగా ఉందనుకున్నానని, పొరపాటు పడ్డానని. అదీ అబద్ధమే. కారానికీ వేడికీ తేడా గుంటూరు గాలి పీల్చినవాడికి తెలియకుండా ఉంటుందా? గాలి చల్లగా ఉంది. చేతికి తెలిసింది. మళ్లీ ఆ కారం తినడం ఇష్టం లేక నోరు ఇంకోటి చెప్పింది.

బండి వ్యాపారికి పొదిలిలో అప్పజెప్పాలి. మేస్త్రీ నడుపుతున్నాడు, పక్కన నేను. అద్దంకి దాకా మామూలే. దర్శి దాటాక ముల్లు పైకి పాకడం మొదలైంది. నేను చూడనట్టు బయటికి చూశాను. కల్లాల్లో కాయలు ఏరే ఆడవాళ్లు తలలకు గుడ్డలు చుట్టుకుని, మొహాలు కనబడకుండా వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు. లోపల మాడిన పెనం వాసన. కాళ్ల కింద ఎక్కడో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు. అంతలో ముల్లు ఉన్నట్టుండి కిందికి జారింది.

"ఇదేంట్రా, పైకెళ్లింది దిగిపోయింది?"

"చల్లారిందేమోనండీ."

"హీటరు చూశావుగా నువ్వు?"

"చూశానండి."

ముల్లు దిగింది చల్లారి కాదు. దానికి వేడి అందించే నీళ్లు అక్కడ లేక. ఆ సంగతి ఆయనకు నాకంటే వెయ్యిరెట్లు తెలుసు. కానీ హీటరు వెచ్చగా ఉందంటే నీళ్లున్నట్టే, తిరుగుతున్నట్టే కదా. నా మాట నమ్మినవాడికి ముల్లును కూడా నమ్మక తప్పదు. బండి ఆపి దిగాడు. తువ్వాలుకు చెయ్యి తుడుచుకుని పై గొట్టం మీద పెట్టాడు, తల పక్కకు వాల్చి. గొట్టం చల్లగా ఉంది. ఉడుకునీళ్లు అక్కడిదాకా వస్తే కదా అది వేడెక్కేది! ముల్లు, గొట్టం, నా మాట, మూడూ కలిసి ఆయనకు ఒకే అబద్ధం చెప్పాయి. మొదటి రెండూ ఇనుమూ రబ్బరూ, వాటికి తెలిసి చెప్పలేదు.

ఆయన చెయ్యి మూత మీదికి వెళ్లింది. అప్పుడు నేను, "మేస్త్రీ గారూ" అన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు.

ఆయన తలెత్తాడు. "ఏంట్రా?"

"ఏం లేదండి."

తర్వాత జరిగింది అరనిమిషం. ఆవిరి తెల్లగా లేచింది, అంత చప్పుడు చేస్తుందని ఎవరూ అనుకోరు. ఆయన అరవలేదు. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, తనది కానిదేదో మోస్తున్నట్టు, రోడ్డు మీద అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. అరచెయ్యి, మణికట్టు, చెంప. ఇక నాలుగు మైళ్ల మోత మాటకొస్తే, మిరప టిక్కీలు వేసుకుని ఓ ట్రాక్టరు వచ్చింది. ఆయనే తనంతట తను ఎక్కి బస్తాల మీద కూర్చున్నాడు. నేనే ఎక్కలేకపోతే ఎడమచెయ్యి అందించి పైకి లాగాడు. దారంతా ఏడ్చింది నేను. "ఏడవమాకరా, ఊరుకో, డ్రైవరుకి దారి చెప్పు," అన్నాడు. అదీ నేను చేసిన మహా ఉపకారం. ఆస్పత్రికి మరియమ్మ గారు పరుగెత్తుకొస్తే, కట్లు కట్టిన మొహంతో, "పంతులు పక్కనుండబట్టి బతికానే," అన్నాడు. ఆ ఒక్క మాట చుట్టూ మిగతా కథంతా నేను కట్టుకున్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఆయనతో సహా.

అరచెయ్యి మానింది కానీ నున్నగా, మెరుస్తూ, ఇప్పుడు మార్టూరులో పాలిష్ చేసిన రాయిలా తయారైంది. దానికి వేడీ చల్లనా తెలియలేదు ఇక. షెడ్డుకు తిరిగొచ్చిన మొదటిరోజు కూడా అలవాటు తప్పకుండా దాన్ని సబ్బుతో కడిగి, తువ్వాలుకు తుడిచాడు. తర్వాత, "ఇక వేడి సంగతి నువ్వే చూసి చెప్పాలిరా పంతులూ," అన్నాడు. పదకొండేళ్లు చూసి చెప్పాను. ప్రతి నీళ్ల పనికీ ఆ ప్రశ్న వచ్చేది. "వెచ్చగా ఉందా?" అడిగి, నా మొహంలోకి అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు చూసేవాడు. రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని ఏ నట్టు వదులో చెప్పగలిగినవాడు, ఆ వ్యాపారి బండిని తర్వాత ఒంటిచేత్తో విప్పి చూసినవాడు, ఆయనకు తెలియలేదంటే నేను నమ్మను. తెలిసి ఎందుకు అడగలేదో కూడా నాకు తెలియదు. క్షమించాడా, రోజూ ఒక్కసారి గుచ్చి వదిలేవాడా? ఈ రోజుల్లో కుర్రాళ్లు బండికి తీగ తగిలించి తెర మీద అంకె చదువుతారు. అంకెకు కారం ఘాటు తగలదు, అది మంచిదే. కానీ పదకొండేళ్లు ఒక మనిషి చూపు కింద నిలబడి జవాబు చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు. అది మంచిదో కాదో తేల్చుకోలేకపోతున్నాను.

ఇదంతా ఆ కల్వర్టు దగ్గర నిలబడి కరుణకు చెప్పాను, ఇంత వరసగా కాదు, ముందువి వెనకా వెనకవి ముందూ. పాము లేదన్నప్పుడు నవ్వబోయింది. "ఏం లేదండి" దగ్గరికొచ్చేసరికి ఆమె మొహం మా మేస్త్రీ మొహమైంది. సంచిలో ఫోను మోగింది. కూడిక దగ్గర్నుంచి. తీయలేదు.

లేచి కారు దగ్గరికొచ్చింది. "చల్లారిందా?" అంది. బాబాయ్ అనలేదు.

పై గొట్టం మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. "గొట్టం చల్లగానే ఉంది. అయినా తీయకూడదు. లోపల ఇంకా కాగుతూనే ఉంది."

నా కళ్లలోకి చూసింది. అవసరమైనదానికంటే ఎక్కువసేపు.

"నమ్మమంటారా?"

ఆ ప్రశ్నకు వాళ్ల నాన్న దగ్గర పదకొండేళ్లు తర్ఫీదు పొందినవాణ్ణి. ఆమె చెయ్యి, నా వేళ్ల అచ్చులు ఇంకా చెరగని ఆ చెయ్యి పట్టుకుని, ఇంజనుకు బెత్తెడు పైన పెట్టాను. "నన్ను నమ్మొద్దు. నువ్వే చూడు."

కాసేపు ఉంచి, చటుక్కున వెనక్కి తీసుకుంది. అరచెయ్యి తిప్పి చూసుకుంది, ఎర్రబడింది.

"ఇంకో గంట పడుతుందమ్మా," అన్నాను. "తర్వాత మూత తీసి, హీటరు తిప్పి, గాలంతా పోయేదాకా నీళ్లు పోయాలి. పొద్దుపోతుంది. నేను రాకపోయినా..."

"పోతే పోనివ్వండి. మీరొస్తారు. లేచి నిలబడతారు. ఇప్పుడు నాకు చెప్పిందే అక్కడ చెబుతారు. ఒక్క మైలు కూడా కలపకుండా."

ఫోను మళ్లీ మోగింది. ఈసారి తీసింది. "దారిలోనే ఉన్నామండి," అంది, నా మొహం మీంచి చూపు తిప్పకుండా. "ఆలస్యమవుతుంది. ఇంకా చల్లారలేదు."